తన పేరుతో వాయించిన దీవి

షిన్‌చూ సైన్స్ పార్కులో చిప్పుల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లకూ, త్సింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మన పిల్లలకూ జూదోంగ్ తెలిసిన ఊరే. పార్కు దాటి కొండలవైపు తిరిగితే వస్తుంది. తైవాన్ చిప్పుల పరిశ్రమకు పురుడు పోసిన పారిశ్రామిక సాంకేతిక పరిశోధన సంస్థ ఆవరణ ఇక్కడే ఉంది. అంతకుముందు ఇది కలప ఊరు. చుట్టుపక్కల కొండల్లో కొట్టిన దుంగలు ఇక్కడికి దిగేవి. జనంలో ఎక్కువమంది హక్కాలు, అంటే చైనా దక్షిణ ప్రాంతం నుంచి వలస వచ్చి, ఎక్కువగా కొండవాలుల్లో స్థిరపడిన వాళ్ల సంతతి. చాంద్రమానం ప్రకారం తొలి నెల ఇరవయ్యో రోజున వాళ్లు పని ముట్టరు. చిల్లు పడ్డ ఆకాశానికి నూవా దేవత అతుకు వేసిన రోజట అది. అదే రోజు మనుషులు నేల తవ్వి మరో చిల్లు పెడితే ఆవిడ పడ్డ పాటంతా వృథా అవుతుందని వాళ్ల నమ్మకం. అందుకే ఆ రోజును పాటకు విడిచిపెట్టారు. జూదోంగ్‌లో దశాబ్దాలుగా ఆ పండక్కి కొండపాటల పోటీ జరుగుతోంది.

ఊరి పక్కనే తౌచ్యెన్ నది. అవతలి ఒడ్డున చ్యోంగ్‌లిన్ అనే చిన్న ఊరుంది. జపాన్ పాలన చివరి రోజుల్లో డెంగ్ యూషియన్ అనే సంగీతకర్త అక్కడి బడిలో పంతులుగా చేరాడు. 1933లో వసంతపు గాలి మీద, 1934లో వానరాత్రి రాలిన పువ్వు మీద వచ్చిన పాటలకు ఆయన కట్టిన వరసలు తైవాన్‌లో ఇప్పటికీ తాతల నుంచి మనవల దాకా అందరికీ నోటికి వచ్చు. 1938లో, చైనాతో యుద్ధం ముదిరాక, జపాన్ ప్రభుత్వం ఆ వానరాత్రి పువ్వు వరసనే తీసుకుని, సైన్యానికి బరువులు మోసే కూలీల గొప్పను చాటే జపనీస్ మాటలు తొడిగింది. వరస ఆయనది, మాట పాలకులది. కొన్నాళ్లకు ఆయన రికార్డు కంపెనీ వదిలేసి చ్యోంగ్‌లిన్ చేరాడు. 1944లో, నలభై ఏళ్లు నిండకుండానే పోయాడు.

ఆ నదికి ఇవతల, జూదోంగ్‌లో, 1960లో పుట్టారు ల్యూ షావోజా. జర్మనీలో రెండు నగరాల సంగీత వ్యవస్థలకు అధిపతిగా పనిచేసి, తిరిగొచ్చి తైపేలోని జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రాను పదేళ్లు నడిపిన కండక్టర్. ఆయన వృత్తి జీవితాన్ని మనవాళ్లకు చెప్పాలంటే ఈ దీవి వందేళ్ల కథ కూడా చెప్పక తప్పదు. ఆ కథలో పదే పదే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. తైవాన్ మనిషి సంగీతం వాయిస్తే, అది ఎవరి ఖాతాలో పడుతుంది?

కండక్టర్ అనగానే మన ఊళ్లలో ఆర్టీసీ బస్సు గుర్తొస్తుంది. పాశ్చాత్య వాద్యబృందంలో ఆ మాటకు అర్థం వేరు. ఎనభై తొంభై మంది వాద్యకారులు అర్ధచంద్రాకారంలో కూర్చుంటే, వాళ్లకెదురుగా, సభకు వీపు పెట్టి, చేతిలో సన్నటి పుల్లతో నిలబడే మనిషి ఆయన. కూచిపూడిలో తాళాలు పట్టుకుని నట్టువాంగం చేసే గురువు నర్తకినీ గాయకుణ్నీ మృదంగాన్నీ ఒక్క తాటి మీద నడిపిస్తాడు కదా, కొంతవరకు ఆ పనే. కాకపోతే నట్టువాంగంలో తాళం మోగుతుంది, జతి పలుకుతుంది. కండక్టర్ చేతిలోని పుల్ల మోగదు. ఏ వాద్యం ఎక్కడ అందుకోవాలి, ఎక్కడ తగ్గాలి, తొంభై మందీ ఎక్కడ ఒక్క ఊపిరి తీయాలి అన్నది ఆయన సైగలోంచే రావాలి. కచేరీ రోజు మనం చూసేది ఆ పనిలో చివరి అంచె మాత్రమే. అంతకుముందు రోజుల రిహార్సల్స్‌లో, ఒక్కో పేజీ విప్పి, విడగొట్టి, మళ్లీ కూర్చుకోవడంలోనే కష్టమంతా ఉంటుంది.

ఈ రంగంలో మనకు బాగా తెలిసిన పేరు జుబిన్ మెహతా. బొంబాయిలో వైద్యవిద్యకు సిద్ధమవుతూ దాన్ని వదిలేసి, 1954లో వియన్నా సంగీత విద్యాలయానికి వెళ్లారు. మూడు దశాబ్దాల తర్వాత మనస్తత్వశాస్త్రం చదివిన ఒక జూదోంగ్ యువకుడు కూడా ఆ విద్యాలయంలోనే చేరాడు.

బడిలో మొదలైన పాట

పాశ్చాత్య సంగీతం ఈ దీవికి రెండు దారుల్లో వచ్చింది. మొదటిది చర్చి. 1872లో కెనడా నుంచి వచ్చి తమ్సుయ్ రేవులో దిగిన జార్జ్ లెస్లీ మెకే, ఆయన వెనక వచ్చిన ప్రెస్బిటేరియన్ బోధకులు కీర్తనలతో పాటు నాలుగు గొంతులు కలిపి పాడే పద్ధతి నేర్పారు. రెండోది బడి. 1895లో చింగ్ సామ్రాజ్యం యుద్ధంలో ఓడి తైవాన్‌ను జపాన్‌కు రాసిచ్చింది. కొత్త ప్రభుత్వంలో విద్యావిభాగానికి తొలి అధిపతిగా వచ్చిన ఇసావా షూజీ అంతకుముందు జపాన్ బడుల్లో పాశ్చాత్య పద్ధతి పాటలను ప్రవేశపెట్టిన మనిషి. ఆ పాఠ్యప్రణాళిక ఆయన వెంటే ఓడ దిగింది.

వలస పాలనలో చురుకైన తైవాన్ కుర్రాడి ముందు పెద్దగా రెండే దారులుండేవి. వైద్యుడు కావడం, లేదా పంతులు కావడం. రాజకీయం, చట్టం, పెద్ద ఉద్యోగాలు పాలకుల చేతిలో ఉండేవి. కాబట్టి ఈ దీవి తొలి సంగీతకారుల్లో చాలామంది బడి పంతుళ్లలోంచే వచ్చారు. జూదోంగ్‌కు దగ్గర్లోని తౌఫెన్ ఊరి హక్కా యువకుడు జాంగ్ ఫూషింగ్‌ను ప్రభుత్వం 1908లో టోక్యో సంగీత పాఠశాలకు పంపింది. ఆర్గన్, వయొలిన్ నేర్చుకుని తిరిగొచ్చి తైపేలో పంతుళ్లను తయారుచేశాడు. వాద్యబృందం కట్టాడు. సూర్యచంద్ర సరస్సు దగ్గరి ఆదివాసుల రోకటి పాటలు విని, స్వరలిపిలో రాసి, అచ్చువేశాడు. పైనుంచి దిగిన పాఠాన్ని పట్టుకుని తన నేల పాట వైపు నడిచిన మొదటి తైవాన్ సంగీత విద్యావంతుడు ఆయనే అనుకోవచ్చు.

తర్వాతి తరంలో జ్యాంగ్ వెన్యే. 1910లో తైపేలో పుట్టాడు. టోక్యోలో చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. మన ఇంజనీర్లు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. సంగీతం మాత్రం ఆయన్ను వదల్లేదు. ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో ఆటలతో పాటు కళల పోటీలు కూడా ఉండేవి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు ఆయన పంపిన వాద్యబృంద రచన 'ఫార్మోసా నృత్యం' ప్రత్యేక ప్రశంస పొందింది. ఫార్మోసా అంటే పోర్చుగీసు నావికులు ఈ దీవికి పెట్టిన పేరు, అందమైనది అని అర్థం. రచన పేరులో తైవాన్ ఉంది. రచయిత పేరు పక్కన రాసిన దేశం మాత్రం జపాన్. రెండేళ్ల తర్వాత ఆయన పాఠాలు చెప్పడానికి బీజింగ్ వెళ్లాడు, అక్కడే ఉండిపోయాడు. యుద్ధం ముగిశాక జపాన్‌తో పనిచేసినవాడన్నారు. 1957లో మితవాది అని ముద్ర వేశారు. సాంస్కృతిక విప్లవంలో ఆ బాధ ఇంకా పెరిగింది. 1983లో బీజింగ్‌లోనే కన్నుమూశాడు. కమ్యూనిస్టు చైనాలో ఉండిపోయినవాడు కాబట్టి పుట్టిన దీవిలోనూ 1980ల దాకా ఆయన పేరు ఎత్తినవాళ్లు అరుదు. మూడు జెండాల నడుమ నలిగిన ఆ సంగీతాన్ని తైవాన్ ఆర్కెస్ట్రాలు ఇవాళ మళ్లీ వాయిస్తున్నాయి.

కంటోన్మెంటులో పుట్టిన ఆర్కెస్ట్రా

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. అక్టోబరులో, అప్పట్లో చైనాను ఏలుతున్న చియాంగ్ కైషేక్ ప్రభుత్వం తరఫున చెన్ యీ తైవాన్ పాలకుడిగా వచ్చాడు. ఆయనతో వచ్చిన ఫుజియన్ సంగీతకారుడు త్సాయ్ జీకున్ ఆ డిసెంబరులోనే ఒక సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించాడు. ఇప్పుడు తైవాన్‌లో ఉన్న ఆర్కెస్ట్రాలలో వయసులో అన్నిటికన్నా పెద్దది అదే. అప్పుడు దాని పేరు 'తైవాన్ ప్రాంత రక్షణ సైనిక ప్రధాన కార్యాలయ సింఫనీ ఆర్కెస్ట్రా'. ఊళ్లో బియ్యం ధరలు పట్టపగ్గాల్లేకుండా పెరుగుతున్న రోజుల్లో, వాద్యకారుల జీతభత్యాలు చూసుకోవడానికి సైన్యం గొడుగు పనికొచ్చింది.

ఆ గొడుగు నీడ ఎలాంటిదో పద్నాలుగు నెలలకే తెలిసింది. 1947 ఫిబ్రవరి 27 సాయంత్రం తైపేలో దొంగ సిగరెట్లు అమ్ముకుంటున్న ఒక ఆడమనిషిని అధికారులు కొట్టారు. గుమిగూడిన జనంలో ఒకరు తూటాకు చనిపోయారు. మర్నాడు దీవి అంతా లేచింది. మార్చిలో చైనా ప్రధాన భూభాగం నుంచి సైన్యం దిగి ఊచకోత మొదలుపెట్టింది. పద్దెనిమిది వేల నుంచి ఇరవై ఎనిమిది వేల మంది దాకా చనిపోయి ఉంటారని 1992లో ప్రభుత్వమే వేయించిన నివేదిక అంచనా కట్టింది. వైద్యులు, పంతుళ్లు, న్యాయవాదులు, అంటే సంగీతం మొలిచిన ఆ వర్గమే, ఎక్కువగా బలైంది. 1949లో వచ్చిన సైనిక శాసనం 38 ఏళ్లు నడిచింది. అలీషాన్ కొండల్లోని త్సోవ్ తెగ నాయకుడు, పంతులు, పాటలు కట్టిన గావో యీషెంగ్‌ను 1954లో కాల్చి చంపారు. జైలు నుంచి ఆయన భార్యకు రాసిన ఉత్తరాలు, ఆమె కోసం కట్టిన పాట ఇవాళ ఈ దేశం గుర్తుంచుకున్న వాటిలో ఉన్నాయి.

ఆర్కెస్ట్రా మాత్రం పేర్లు మార్చుకుంటూ బతికింది. సైన్యం నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి, అక్కడి నుంచి రాష్ట్ర విద్యాశాఖకు మారింది. తైపే వదిలి తైచుంగ్ చేరింది. 1999లో రాష్ట్ర వ్యవస్థను కుదించినప్పుడు 'జాతీయ తైవాన్ సింఫనీ ఆర్కెస్ట్రా' అయింది. ఆ పేర్లన్నీ వరసగా రాస్తే చాలు, పాలన ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో తెలిసిపోతుంది.

దాటడానికి వీల్లేని సముద్రం

సైనిక శాసనం రోజుల్లో దీవి దాటడం తేలిక కాదు. సైనిక సేవ పూర్తిచేయని మగపిల్లలకైతే మరీ కష్టం. సంగీతంలో ముందుకు వెళ్లాలంటే చిన్నప్పుడే మంచి గురువు దగ్గరకు చేరాలి కదా. అందుకని 1962లో ప్రభుత్వం ఒక సందు తెరిచింది. ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలు పరీక్ష నెగ్గితే విదేశాలకు వెళ్లి చదువుకోవచ్చు. అప్పటి నుంచి పదేళ్లు, పన్నెండేళ్లు వయసున్న పిల్లలు వయొలిన్ పెట్టె పట్టుకుని విమానాలెక్కారు. తైనాన్ కుర్రాడు హూ నైయువాన్ అలా చిన్నతనంలోనే అమెరికా వెళ్లి, 1985లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ వయొలిన్ పోటీ గెలిచాడు. షిన్‌చూలో పుట్టిన లిన్ జావోలియాంగ్ పన్నెండేళ్లకు సిడ్నీ చేరి, తర్వాత న్యూయార్క్ వెళ్లి ప్రపంచమంతా తెలిసిన వయొలిన్ విద్వాంసుడయ్యాడు. ఆ పిల్లల వెనక దీవిలో మిగిలిన తల్లుల గురించి ఎవరూ చరిత్ర రాయలేదు.

తిరిగి రాలేకపోయినవాళ్లూ ఉన్నారు. కావోష్యుంగ్‌కు చెందిన స్వరకర్త షియావ్ తైజెన్ 1977లో అమెరికా వెళ్లాడు. ఇంటికి దూరమైనవాళ్ల మీద కట్టిన పాట వల్ల ప్రభుత్వ నిషేధ జాబితాకెక్కాడు. 1947 నాటి ఊచకోతను స్మరిస్తూ ఆయన రాసిన వాద్యబృంద రచన మొదటిసారి మోగింది తైవాన్‌లో కాదు, 1995లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో. ఆ ఏడాదే ఆయన స్వదేశం తిరిగి రాగలిగాడు.

ల్యూ షావోజాది ఈ రెండు బాటలకూ మధ్య బాట. చిన్నప్పుడు పియానో నేర్చుకున్నారు గానీ పిల్లవాడిగా విమానం ఎక్కలేదు. మన ఎంసెట్ లాంటి ఉమ్మడి ప్రవేశ పరీక్ష అప్పట్లో ఇక్కడి కుటుంబాలను శాసించేది. తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయంలో సీటు అంటే ఊరంతా చెప్పుకునే మాట. ఆయన అక్కడ మనస్తత్వశాస్త్రం చదివారు. తైవాన్ పౌరులు మామూలు పర్యాటకులుగా విదేశాలకు వెళ్లడానికి ప్రభుత్వం అనుమతించిందే 1979లో. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు.

ఆయనకు కండక్టింగ్ నేర్పినవారు చెన్ చియూషెంగ్. 1942లో తైపేలో పుట్టి, వయొలిన్ నేర్చి, మ్యూనిక్‌లో చదివి తిరిగొచ్చిన మనిషి. 1986 నుంచి 2003 దాకా తైపే నగర సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపారు. ఒపేరా అంటే ఏమిటో చాలామంది చూడని దేశంలో పట్టుబట్టి ఒపేరాలు ప్రదర్శించారు. 2018లో ఆయన పోయినప్పుడు ఆయన శిష్యులు ప్రపంచంలో ఎన్ని వేదికల మీద ఉన్నారో ఈ దేశం మరోసారి లెక్కపెట్టుకుంది. అలాంటి గురువు దొరికాక మనస్తత్వశాస్త్ర పట్టభద్రుడు దారి మార్చుకున్నారు. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయం, ఆపైన వియన్నా.

1987

తైవాన్ చరిత్రలో ఈ ఒక్క సంవత్సరం దగ్గర కాస్త నిలబడాలి. ఆ ఫిబ్రవరిలో షిన్‌చూలో టీఎస్‌ఎంసీ పుట్టింది. ఇవాళ మన పిల్లలకు ఉద్యోగాలిస్తున్న పరిశ్రమకు అది పునాది. జులై 15న సైనిక శాసనం ఎత్తేశారు. అక్టోబరులో తైపే నడిబొడ్డున, చియాంగ్ కైషేక్ స్మారక మందిరం ముందు, పసుపు పెంకుల రాజప్రాసాదంలాంటి కప్పుతో జాతీయ కచేరీ భవనం తెరిచారు. అంతకు ఏడాది ముందే, 1986లో, విద్యాశాఖ ఒక కొత్త ఆర్కెస్ట్రా మొదలుపెట్టింది. దాని తొలి పేరులో 'ప్రయోగాత్మక' అన్న మాట ఉండేది. ఆ ప్రయోగమే పెరిగి జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రా అయింది. కచేరీ భవనం దాని ఇల్లయింది.

ఆ ఇంటి ముంగిలిదీ పెద్ద కథే. 1990 మార్చిలో వేలమంది విద్యార్థులు అదే చౌకులో బైఠాయించి, నలభై ఏళ్లుగా ఎన్నికలు లేకుండా కూర్చున్న జాతీయ సభను రద్దు చేయాలని అడిగారు. తెల్లటి అడవి లిల్లీ పువ్వు వాళ్ల గుర్తు. అధ్యక్షుడు లీ తెంగ్‌హుయ్ వాళ్ల ప్రతినిధులతో మాట్లాడారు. 1996లో ప్రజలు నేరుగా అధ్యక్షుణ్ని ఎన్నుకున్నారు. 2007లో ఆ చౌకు పేరు స్వేచ్ఛా చౌకుగా మారింది. ఇవాళ కచేరీకి వెళ్లే ప్రతి మనిషీ ఆ చౌకు దాటే తలుపు చేరతాడు.

ఈ మార్పులు జరుగుతున్నప్పుడు ల్యూ యూరప్‌లో పోటీలు గెలుస్తున్నారు. 1988లో ఫ్రాన్స్‌లోని బెజాన్సోన్. 1959లో సెయిజీ ఓజావాను ప్రపంచానికి పరిచయం చేసిన పోటీ అది. 1991లో ఇటలీలోని ట్రెంటోలో పెద్రొత్తి. 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కొంద్రాషిన్. మూడు చోట్లా మొదటి బహుమతే. ఆ 1994లోనే ఇంకోటి జరిగింది. మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ తైపేలో కచేరీకి వచ్చింది. దాని అధిపతి సెర్జ్యూ చెలిబిదాకె, రికార్డింగులంటే గిట్టని, రిహార్సల్స్‌కు ఎన్ని రోజులైనా చాలవనే మహా పట్టుదల మనిషి, జబ్బు పడ్డారు. ఆయన చేతి పుల్ల ముప్పై నాలుగేళ్ల ల్యూ చేతికి వచ్చింది. తైపే శ్రోతలు తమ ఊళ్లోనే, జర్మనీలో అగ్రశ్రేణి ఆర్కెస్ట్రా ముందు తమ మనిషి నిలబడటం చూశారు.

రైన్ ఒడ్డున

జర్మనీ పద్ధతి మన దగ్గర లేదు, తైవాన్‌లోనూ లేదు. అక్కడ ఓ మోస్తరు పట్టణానికి కూడా ప్రజల పన్నుల డబ్బుతో నడిచే సొంత ఒపేరా థియేటరు, సొంత ఆర్కెస్ట్రా, నెలజీతం తీసుకునే గాయకులు ఉంటారు. ఇవాళ మోత్సార్ట్, రేపు వెర్ది, ఎల్లుండి వాగ్నర్. గాయకుడికి గొంతు పట్టేసినా, కొత్త మనిషి మధ్యాహ్నం రైలు దిగి సాయంత్రం వేషం కట్టినా, కింద గోతిలో కూర్చున్న ఆర్కెస్ట్రానూ పైన వేదికనూ కలిపి ఒడ్డున పడేయాల్సింది కండక్టరే. దాన్ని మించిన బడి లేదని ఆ వృత్తిలోవాళ్లు అంటారు.

ల్యూ ఆ బడిలో మెట్టు మెట్టుగా ఎక్కారు. 1995 నుంచి 1998 దాకా బెర్లిన్‌లోని కోమిషె ఒపేరాలో ప్రథమ కండక్టరు. 1998 నుంచి 2004 దాకా కోబ్లెంజ్‌లో థియేటరుకూ, అక్కడి రైన్ ఫిల్హార్మోనిక్‌కూ సంగీత ప్రధానాధిపతి. 2001 నుంచి 2006 దాకా హానోవర్ రాష్ట్ర ఒపేరాకు అదే పదవి. అంటే మూడేళ్లపాటు రెండు ఊళ్ల బాధ్యత ఒక్క భుజం మీదే మోశారు. కోబ్లెంజ్ వదిలే ఏడు అక్కడి రాష్ట్ర ప్రభుత్వం పీటర్ కొర్నేలియస్ పతకమిచ్చి గౌరవించింది. జర్మన్ మాతృభాష కాని మనిషి, జర్మన్ గాయకులకు జర్మన్ ఒపేరా నడిపించి, అక్కడి జనం చేత మావాడనిపించుకోవడం ఎంత కష్టమో పరాయి దేశంలో పని నేర్చుకున్న మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో కోబ్లెంజ్‌కు దిగువన, రైన్ ఒడ్డునే ఉన్న డ్యూసెల్‌డార్ఫ్ ఒపేరాలో మరో తైవాన్ మనిషి పనిచేస్తున్నారు. 1967లో తైపేలో పుట్టిన చియెన్ వెన్‌పిన్, 1996 నుంచి అక్కడ కండక్టరు. జర్మనీ ఉద్యోగం వదలకుండానే 2001 నుంచి 2007 దాకా తైపే జాతీయ ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకుడిగా ఉన్నారు. 2006లో వాగ్నర్ 'రింగ్' నాలుగు ఒపేరాలనూ ఆ ఆర్కెస్ట్రాతో వాయించారు. దాదాపు పదిహేను గంటల సంగీతం. అది మోయగలిగిన ఆర్కెస్ట్రాను ఇక ఎవరూ ప్రయోగాత్మకం అనలేరు.

ఇల్లు

2010లో ల్యూ ఆ ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకుడయ్యారు. 2020 వరకు పదేళ్లున్నారు. మధ్యలో 2014 నుంచి 2017 దాకా దక్షిణ డెన్మార్క్ ఫిల్హార్మోనిక్‌కు కూడా ప్రధాన కండక్టరుగా పనిచేశారు. సంగీత దర్శకుడంటే కచేరీ రోజు వచ్చి చేతులూపి వెళ్లే అతిథి కాదు. ఏడాదికి ఏ రచనలు తీసుకోవాలి, ఖాళీ అయిన వయోలా కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి, ఏ తైవాన్ స్వరకర్తకు కొత్త రచన పురమాయించాలి, అన్నిటికీ ఆయనే జవాబుదారీ. ఆర్కెస్ట్రా స్వరం అలా, ఏడాది మీద ఏడాది, ఒక్కో నియామకంతో, ఒక్కో రిహార్సల్‌తో తయారవుతుంది. పదేళ్లు అందుకు పట్టే కాలమే.

వినేవాళ్లు సిద్ధంగా ఉన్న దేశం ఇది. మన ఊళ్లలో పొద్దున్నే స్వచ్ఛ ఆటో పాట పెట్టుకుని వస్తుంది. ఇక్కడ సాయంత్రం చెత్త బండి బీథోవెన్ 'ఎలీజా కోసం' వాయించుకుంటూ వీధిలోకి వస్తుంది. కొత్తగా వచ్చిన తెలుగు కుర్రాళ్లు మొదట ఐస్‌క్రీం బండి అనుకుంటారు. వారం తిరిగేసరికి ఆ స్వరం వినగానే వాళ్లూ చెత్త సంచి పట్టుకుని మెట్లు దిగుతారు. బడుల్లో ప్రత్యేక సంగీత తరగతులు 1970ల నుంచీ ఉన్నాయి. ప్రతి జిల్లాకూ ఒక సాంస్కృతిక కేంద్రం కట్టాలని ప్రభుత్వం సంకల్పించిందీ ఆ దశకంలోనే. అలా తయారైన పిల్లలు ఇప్పుడు ప్రపంచం నలుమూలలా ఉన్నారు. కోపెన్‌హాగన్‌లో జరిగే మాల్కో కండక్టర్ల పోటీని 2005లో గెలిచిన తొలి మహిళ కావోష్యుంగ్ బిడ్డ చెన్ మెయ్‌ఆన్. 2015లో దాన్ని గెలిచిన జ్వాంగ్ దోంగ్‌జియే తర్వాత జర్మనీలోని బోఖుమ్‌లో సంగీత ప్రధానాధిపతి అయ్యారు.

మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. తైవాన్ క్రీడాకారులు ఇవాళ్టికీ ఒలింపిక్స్‌లో తమ దేశం పేరుతో నడవలేరు. 'చైనీస్ తైపే' అన్న పలక వెనక, సొంతం కాని జెండా పట్టుకుని నడుస్తారు. ఐక్యరాజ్యసమితిలో 1971 నుంచి కుర్చీ లేదు. ల్యూ నడిపిన ఆర్కెస్ట్రా మాత్రం విదేశాలకు వెళ్లేటప్పుడు పెట్టుకున్న పేరు 'తైవాన్ ఫిల్హార్మోనిక్'. ఆ పేరుతోనే ఆయన దాన్ని యూరప్ వేదికల మీదకు తీసుకెళ్లారు. 1936లో జ్యాంగ్ వెన్యే సంగీతం బెర్లిన్ చేరింది గానీ ఆయన పేరు పక్కన సొంత ఊరి పేరు చేరలేదు. ఆ పేరు కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో పడటానికి రెండు తరాలకు పైగా పట్టింది. ఈ దీవిలో ఉంటున్నవాళ్లకు ఆ కరపత్రం ఎంత బరువైనదో తెలుసు.

ఆయన చివరి సీజన్ కోవిడ్ నీడలో నడిచింది. 2020లో ఆ ఆర్కెస్ట్రాతో వాయించి వెళ్లిన ఆస్ట్రేలియా సంగీతకారుడు బ్రెట్ డీన్‌కు స్వదేశం చేరాక జబ్బు బయటపడింది. వాద్యకారులంతా ఇళ్లలో ఏకాంతంలోకి వెళ్లారు. ఆ తర్వాత జర్మన్-జపనీస్ కండక్టర్ జున్ మార్కల్ పగ్గాలు అందుకున్నారు.

ఆ ఆర్కెస్ట్రా ఇప్పుడు తైపేతో ఆగదు. తైచుంగ్ థియేటరుకూ, ఇంకా దక్షిణాన కావోష్యుంగ్‌కూ వెళ్తుంది. కావోష్యుంగ్‌లో 2018 అక్టోబరులో తెరిచిన వేవూయింగ్ కళాకేంద్రాన్ని తీర్చిదిద్దింది డ్యూసెల్‌డార్ఫ్ నుంచి తిరిగొచ్చిన చియెన్ వెన్‌పినే. లోపలి కచేరీ మందిరంలో 9,085 గొట్టాల ఆర్గన్ ఉంది. రైన్ ఒడ్డున, ల్యూ పనిచేసిన కోబ్లెంజ్‌కు దిగువనున్న బాన్‌లో దాన్ని తయారుచేశారు. ఆ స్థలం దశాబ్దాలపాటు సైనిక శిబిరం. బడి ముగించిన కుర్రాళ్లు గుండు గీయించుకుని వచ్చి, వరసలో నిలబడి, పేరు పిలిస్తే గట్టిగా పలికిన నేల. ఇక్కడ తోట కావాలని ఊరి జనం ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్నారు. ఇప్పుడు మర్రిచెట్ల గుంపులా అలలు తిరిగిన తెల్లటి కప్పు కింద నాలుగు వైపులా గోడల్లేని పెద్ద వరండా ఉంది. సముద్రపు గాలి ఇటునుంచి అటు దూసుకుపోతుంది. అక్కడొక పియానో పెట్టారు. తాళం లేదు, టికెట్టు లేదు. సాయంత్రం పూట బడి సంచి వీపున ఉన్న పిల్ల ఒకతె వచ్చి కూర్చుంటుంది. వెనక ఇద్దరు ముగ్గురు తమ వంతు కోసం నిలబడి ఉంటారు.